గాలి అందని బండి

ఇప్పటిదాకా జరిగింది చెప్పుకోవడానికి ఎక్కువ లేదు.

మంచాల అనే ఊరి దగ్గర మెట్ట చేను చేసుకునే వీరస్వామి భార్య బుగ్గమ్మకు నిరుడు ఒక మధ్యాహ్నం ఛాతీలో నొప్పి వచ్చింది. ఇంటి ముందరే ఆమె తమ్ముడు జైపాల్ కారు ఉంది. కారు ఎదురుగా ఉండగా ఇంకో బండి కోసం ఎవరూ చూడరు. ఆసుపత్రికని ఎక్కించారు. ఇబ్రహీంపట్నం దాటారు. బొంగులూరు గేటు ఇంకా రాకముందే కారు నల్ల పొగ కక్కి సాగర్ రోడ్డు మీద ఆగింది. మళ్లీ లేవలేదు. కూరగాయల ట్రాలీ ఆటో ఒకదాన్ని ఆపి, ఆమెను అందులోకి మార్చబోతే మార్చడానికి మనిషి లేదు.

పెళ్లయిన ఆడది చనిపోతే ఆఖరి చీర తల్లిగారింటి నుంచి రావాలి. అది ఒంటి మీద పడనిదే మట్టి చేయరు. జైపాల్ తెచ్చాడు. వీరస్వామి వాకిట్లోనే ఆపి తిప్పి పంపాడు. అక్కను చంపినోని చీర అక్కకెందుకన్నాడు. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు బామ్మర్ది మొహం చూసి ఒక్క మాట మాట్లాడలేదు.

ఈ గురువారం బుగ్గమ్మ యాడాది, అంటే సంవత్సరీకం. పెద్దమనుషులు చెప్పగా చెప్పగా వీరస్వామి ఒక్క షరతుకు దిగాడు. ఆ కారును తన కళ్ల ముందర విప్పాలి. తప్పు యంత్రానిదైతే జైపాల్ తెచ్చే చీర తీసుకుని బుగ్గమ్మ ఫోటో ముందర పెడతాడు. తప్పు జైపాల్‌దైతే వాడు బతికుండగా తన గడప తొక్కకూడదు. జైపాల్ ఎదురు చెప్పలేదు. ఏడాదిగా టార్పాలిన్ పట్టా కప్పి ఉన్న కారును తాడు కట్టి ఇబ్రహీంపట్నంలో మెకానిక్ మక్బూల్ షెడ్డుకు లాక్కొచ్చారు.

పొద్దున్నే ముగ్గురూ అక్కడ చేరారు.

మక్బూల్ పట్టా గుంజి పక్కన పడేశాడు. దుమ్ము లేచింది. కారు తెల్ల రంగు. వెనక అద్దం మీద జైపాల్ ఏ కంపెనీకి కారు నడిపాడో ఆ కంపెనీ స్టిక్కరు ఇంకా ఉంది. ఆదిబట్లలో ఉద్యోగులను తెచ్చి దింపే కారు అది. అక్క పోయాక జైపాల్ దాని తలుపు కూడా తీయలేదు. ఇప్పుడు వేరేవాళ్ల ట్రాలీ నడుపుతున్నాడు.

వీరస్వామి పాత టైరు మీద కూర్చున్నాడు. జైపాల్ గేటు పక్కన నిలబడ్డాడు. అతని చంకలో బట్టల దుకాణం కవరు ఉంది. అందులో చీర ఉంది. అదే చీర. నిరుడు వెనక్కి పోయిన చీర.

"కూసో జైపాల్," అన్నాడు మక్బూల్.

"వద్దన్నా. నిలబడ్త."

"నిలబడనీ. ఆనాడు బండి నిలబెట్టిండు గద, నిలబడుడు వానికి అలవాటే," అన్నాడు వీరస్వామి. జైపాల్‌తో కాదు. గోడతో అన్నాడు.

ఆ మాట వద్దని అనే మొహం మక్బూల్‌కు లేదు. నిరుడు కారును తాళ్లతో లాక్కుపోతుంటే హోటల్ ముందర చాయ్ తాగుతూ చూసి, "టర్బో కాలిపోయింది. వేడి మీద ఇంజన్ బంద్ చేస్తే గట్లనే కాలుతది. ఈ డ్రైవర్ పోరగాండ్లకు ఎంత చెప్పినా దిమాక్‌కు ఎక్కదు," అన్నవాడు మక్బూలే. అప్పటికి బానెట్ ఎత్తి చూడలేదు. చాయ్ గ్లాసు కింద పెట్టకుండానే తీర్పు చెప్పాడు. ఆ మాట సాయంత్రానికి మంచాల చేరింది. వీరస్వామి దాన్ని పట్టుకున్నాడు. దుఃఖంలో ఉన్నవాడికి కారణం దొరికితే అన్నం దొరికినట్టే. ఏడాది తిన్నాడు.

మక్బూల్ చచ్చిన బ్యాటరీ తీసి వేరేది పెట్టాడు. పాత డీజిల్ తోడేసి కొత్తది పోశాడు. డీజిల్ ఫిల్టర్ విప్పి వెలుతురులో చూశాడు. బాగానే ఉంది. సీట్లో కూర్చుని తాళం తిప్పాడు.

ఇంజన్ రెండు మూడు సార్లు మూలిగింది. తర్వాత అందుకుంది.

ఆ చప్పుడుకు జైపాల్ ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు. వీరస్వామి టైరు మీద నుంచి లేచాడు. లేవదనుకున్న బండి లేచింది. నెమ్మదిగా, బుద్ధిగా, ఏమీ ఎరగనట్టు గుర్రుమంటోంది. ఆ బుద్ధి చూసి వీరస్వామికి ఒళ్లు మండింది.

"ఏంది మక్బూల్ భాయ్ ఇది? ఇయ్యాల లేసింది?"

"లేసింది."

"మరి ఆనాడేమైంది దీనికి? ఆనాడు ఎవల కోసం ఆగింది?"

"ఆగన్నా. లేసుడు వేరే, ఉరుకుడు వేరే. జర చూడనీ."

మక్బూల్ కాలు నొక్కాడు. ఇంజన్ గొంతు పెరగబోయింది. పెరగలేదు. ఎవరో మెడ పట్టుకున్నట్టు గగ్గోలు పెట్టింది. వెనక గొట్టం నుంచి నల్ల పొగ బుస్సుమని షెడ్డంతా కమ్మింది. ఇంకా నొక్కాడు. కారు మొత్తం వణికింది. చచ్చిపోయింది.

పొగ మెల్లగా రేకుల కిందికి చేరింది.

సరిగ్గా ఇలాగే. ఆ రోజు వెనక సీట్లో బుగ్గమ్మ తల వీరస్వామి ఒడిలో ఉంది. ఆమె నోరు తెరిచి ఉంది. గాలి కోసం గొంతు కింద గుంట పడుతోంది, లేస్తోంది. వీరస్వామి ముందు సీటు మీద గుద్దుతూ అరిచాడు. తొక్కురా, తొక్కు, ఇంకా తొక్కు. జైపాల్ తొక్కాడు. కారు గగ్గోలు పెట్టింది. రెండు గొంతులు ఒకేసారి ఆగాయి.

మక్బూల్ మళ్లీ సెల్ఫ్ కొట్టాడు. ఇంజన్ తిరిగింది కానీ అందుకోలేదు. కాసేపు వదిలేసి కొడితే అందుకుంది. నొక్కితే మళ్లీ చచ్చింది.

"మెల్లగ ఉంటె ఉంటది. బలం అడిగితె సస్తది," అన్నాడు తనలో తాను. స్కానర్ తెచ్చి వైరు గుచ్చాడు. అద్దం మీద ఏవో అంకెలు వచ్చాయి. చదివాడు. మొహం మారింది.

"ఏమంటుంది?"

"గాలి ప్రెజర్ తక్కువ అంటుంది."

"గాలంటె?"

మక్బూల్ చేయి తుడుచుకుంటూ చెప్పాడు. "టర్బో అంటె గిర్రున తిరిగే చిన్న చక్రం అన్నా. పొగ పోతుంటె ఆ జోరుకు తిరుగుతది. తిరిగి బయటి గాలిని గుంజి ఇంజన్ నోట్లె కుక్కుతది. గాలి మస్తు పోతెనే డీజిల్ మంచిగ కాలుతది. గాలి లేకుంటె డీజిల్ ఉట్టిగ నల్ల పొగై పోతది. గదే ఇప్పుడు చూసినవ్."

"అంటె టర్బో పోయినట్టే గద."

"చూడాలె."

"చూసేదేముంది? నువ్వే అంటివి గద నిరుడు. వేడి మీద బంద్ చేసి కాలవెట్టిండని." వీరస్వామి ఇప్పుడు గోడను వదిలి నేరుగా జైపాల్‌ను చూశాడు. ఏడాది తర్వాత మొదటి మాట అదే. "విన్నవా? గాలి లేదంట. మా ఇంటి ముందట బండి ఆపినప్పుడు ఒక్క నిమిషం ఇంజన్ తిరగనిచ్చినవా ఎన్నడన్న? రాంగనే బంద్. దిగంగనే 'అక్కా, అన్నం వెట్టు.' ఆకలెక్కువ నీకు. ఆ ఆకలికే ఆమె పోయింది."

జైపాల్ కవరును చంక మార్చుకున్నాడు. "తిరగనిచ్చేటోణ్ణి బావా," అన్నాడు. అంతే అన్నాడు.

"అబద్ధం."

"నువ్వు చేన్ల ఉండేటోనివి. అక్క చూసేది. 'దిగరాదురా, ఇంక బండ్లె కూసోని ఏం జపం చేస్తున్నవ్' అని నవ్వేది."

వీరస్వామికి ఆ గొంతు వినపడింది. బుగ్గమ్మ సరిగ్గా అలాగే అంటుంది. తమ్ముడు అబద్ధమాడి ఉంటే అంత బాగా ఆడలేడు. అయినా నమ్మలేదు. నమ్మితే ఏడాది కోపం ఎక్కడ పెట్టుకోవాలి?

మక్బూల్ టర్బోకు పోయే పైపు విప్పాడు. వేలు లోపల పెట్టి చక్రాన్ని తిప్పాడు. అటూ ఇటూ ఊపి చూశాడు. వేలు తీసి చూసుకున్నాడు. మళ్లీ పెట్టాడు.

"ఏమైంది?"

"మంచిగుందన్నా."

"ఏంది మంచిగుంది?"

"టర్బో. ఊగుతలేదు, కాలలేదు. ఆయిల్ కూడ కారలే." మక్బూల్ తల ఎత్తలేదు. "కొత్త దాని లెక్క తిరుగుతుంది. బండిని మంచిగ చూసుకున్నడు పోరడు."

"మరి నువ్వు అంటివి?"

"అన్న."

"ఎట్ల అన్నవ్?"

"నల్ల పొగ అన్నరు. నోరు జారింది. పదిమంది కూసున్న కాడ మెకానిక్ 'నాకెరుక లేదు' అంటె బాగుండదు గద అన్నా."

"బాగుండదు," అన్నాడు వీరస్వామి. "నీకు బాగుండదని ఒక మాట అన్నవ్. ఆ మాట వట్టుకొని నేను నా పెండ్లాన్ని తల్లిగారి చీర లేకుంట బొంద పెట్టిన."

మక్బూల్ మొహం తుడుచుకున్నాడు. చేతి గ్రీజు నుదుటికి అంటింది. క్షమించమని అడగలేదు. అడిగి ఉంటే వీరస్వామి ఇచ్చేవాడు కాదు. ఇద్దరికీ అది తెలుసు.

జైపాల్ మాత్రం గేటు దగ్గర ఊపిరి వదిలాడు. కవరు మీద చేయి బిగిసింది. ఏడాదిగా అతను వినాలనుకున్న మాట అది. అక్కడితో ఆపి ఉంటే అందరికీ బాగుండేది. కారు విప్పడం మొదలుపెట్టాక మధ్యలో ఆపేవాడు ఎవడూ ఉండడు.

"ఇగ ఒకటి చూస్త," అన్నాడు మక్బూల్. "జైపాల్, నువ్ కూసొని సెల్ఫ్ కొట్టు. పైపు ఊడదీసే ఉంచిన. టర్బో బయటి గాలి సీదా తాగుతది. గట్టిగ తొక్కు."

జైపాల్ కవరును పక్కనున్న డ్రమ్ము మీద జాగ్రత్తగా పెట్టాడు. డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. తాళం మీద చేయి పెట్టి ఆగిపోయాడు. ముందు అద్దంలో వెనక సీటు కనిపిస్తుంది. అద్దాన్ని పైకి తిప్పేశాడు. తర్వాత తాళం తిప్పాడు.

తొక్కాడు.

కారు గర్జించింది. పొగ లేదు. వణుకు లేదు. రేకులు అదిరాయి. పక్క వెల్డింగ్ షాపులో కమలమ్మ అనే ముసలామె లేచి వచ్చి, "ఏందిర ఆ మోత, ఇమానం దిగినట్టు," అని తిట్టిపోయింది. ఎంత తొక్కితే అంత లేస్తోంది ఇంజన్. దానికి ఏ రోగమూ లేదు. ఎప్పుడూ లేదు.

"బంద్ చెయ్!" అని అరిచాడు మక్బూల్. "దొరికింది. టర్బో మంచిదే, ఇంజన్ మంచిదే. దీనికి గాలి అందుతలేదు. ముంగటనే యాడనో దారి మూసుకపోయింది."

గాలి ఫిల్టర్ డబ్బా మూత తీశాడు. పైకి చూస్తే ఫిల్టర్ శుభ్రంగానే ఉంది. దాన్ని పీకి కింద చూశాడు. అక్కడి నుంచి ముందు జాలీ వెనక్కు పోయే నల్ల గొట్టం ఉంది. బయటి గాలి మొదట వచ్చే నోరు అదే. టార్చి వేసి కన్ను ఆనించాడు. గొట్టం వంపులో ఏదో ఉంది.

"ఎలుక గూడు గావచ్చు," అన్నాడు. ఇనుప తీగ వంచి కొక్కెం చేశాడు. లోపలికి పంపాడు. తగిలించాడు. గుంజాడు. రాలేదు. మళ్లీ గుంజాడు.

మెల్లగా బట్ట కొన బయటికి వచ్చింది. దుమ్ము రంగు. గొట్టం ఆకారంలోనే ఎండి బిగుసుకుపోయింది. వంపుకు వంపు తిరిగి, ముడతకు ముడత అతుక్కుని, పాము కుబుసంలా వచ్చింది. మక్బూల్ దాన్ని రెండు చేతులా విప్పితే మడతల లోపల రంగు కనిపించింది.

ఎరుపు.

ఒక కొనకు నిమ్మకాయంత మూట. మూట మీద పసుపు మరక.

వీరస్వామి దాన్ని తాకకముందే గుర్తుపట్టాడు.

జైపాల్ ఈ కారు కొన్న ఏడాది తల్లిగారింటి లాంఛనంగా బుగ్గమ్మకు ఒడి బియ్యం పోశాడు. చీర పెట్టాడు, ఎర్ర రవికె గుడ్డ పెట్టాడు. ఆమె ఒడిలో పడిన బియ్యంలో పిడికెడు తీసి, పసుపు కలిపి, అదే రవికె గుడ్డ కొనకు మూట కట్టి, తమ్ముడి కారు ముందు జాలీకి ముడుపుగా కట్టింది. నాకు పోసిన బియ్యం నిన్నే కాపాడాలెరా అంది. వీరస్వామి చూస్తుండగానే కట్టింది. దిష్టి తగలకూడదని బొట్టు కూడా పెట్టింది.

"ఇది బయట ఉండాలె గద," అన్నాడు వీరస్వామి. "జాలీకి ఉండాలె. లోపటికెట్ల వచ్చింది?"

మక్బూల్ గొట్టం నోటి పక్కన ఉన్న చిన్న ఇనుప పట్టీని చూపించాడు. దానికి ఎర్ర పోగు ఒకటి చిక్కుకుని ఉంది. "బయటికెంచి తీసి బానెట్ లోపట గీడ కట్టిండ్రన్నా. గాలి గుంజే నోటి పక్కకే. మెల్లగ పోయినంత సేపు దాని జాగల అది ఉన్నది. హైవే ఎక్కినంక గట్టిగ తొక్కిండ్రు. టర్బో జోరుగ గుంజింది. ముడి ఊడింది. గుడ్డ లోపటికి పోయి అతుక్కున్నది. తడి గుడ్డ అయితె ఇంక..."

"తడిసే ఉన్నది," అన్నాడు జైపాల్ ఎక్కడో చూస్తూ. "ఆ పొద్దు బావి కాడ బండి కడిగినం."

"గంతే మల్ల. ఎంత తొక్కితె అంత గుంజుతది. ఎంత గుంజితె అంత బిగుస్తది. మెల్లగ పోయి ఉంటె..." మక్బూల్ ఆపేశాడు. ఆపాల్సిన చోటు దాటాక ఆపాడు.

తొక్కురా, తొక్కు.

వీరస్వామి టైరు మీద కూలబడ్డాడు. ఆ మాట తనదే. కానీ అతను దాని దగ్గర ఆగలేదు. మనిషి తన తప్పు ఎదురైతే పక్కవాడి తప్పు కోసం వెతుకుతాడు. దొరికేదాకా వెతుకుతాడు.

"లోపటికి ఎవలు మార్చిండ్రు?"

వీరస్వామి జైపాల్ వైపు తిరిగాడు.

"నిన్నేరా. ఎవలు మార్చిండ్రు?"

జైపాల్ ఆ గుడ్డ వైపు చూస్తున్నాడు. అతని మొహంలో ఏదో జరిగింది. ముందు అర్థం కానట్టు. తర్వాత అర్థమైనట్టు. తర్వాత తలుపు మూసినట్టు.

"నేనే," అన్నాడు.

"నువ్వా?"

"అవ్ బావా. కంపెనీ గేటు కాడ రోజూ లొల్లి చేసేది. ముంగట ఏం వేలాడద్దు, తీసెయ్ అని. అక్క కట్టింది పారెయ్యబుద్ది కాలే. బండి కడిగినప్పుడు లోపటికి మార్చి కట్టిన. నేనే."

ఇప్పుడు వీరస్వామికి కావలసింది దొరికింది. ఏడాదిగా వెతికింది దొరికింది. దొరికాక అది తను అనుకున్నంత బరువుగా లేదు. అయినా ఎత్తాడు.

"మాట యాదికుంది గద?"

"ఉన్నది."

"తప్పు నీదైతె నా గడప తొక్కద్దన్న. గురువారం రాకు. ఆ చీర నాకొద్దు. నీ అక్క కట్టిన దాంతోనే నీ అక్కను సంపినవ్. నా బిడ్డ లగ్గానికి మేనమామవని రాకు. నేను సస్తే మట్టి వెయ్యనీకి రాకు."

"అన్నా," అన్నాడు మక్బూల్, "తెల్వక చేసిండు..."

"నువ్వు నోరు మూసుకో. నీ నోటికి ఏడాది కిందనే పని చెప్పినవ్."

జైపాల్ డ్రమ్ము మీది కవరు తీసుకున్నాడు. దాని మీద పడ్డ మసి చొక్కా అంచుతో తుడిచాడు. "పోయొస్త బావా," అన్నాడు. మళ్లీ రాకుండా పోతున్నవాడు కూడా పోయొస్తా అనే అంటాడు. మన ఊళ్ల అలవాటు. కారు వైపు చూడకుండా గేటు దిక్కు నడిచాడు.

వీరస్వామి గుడ్డను ఒళ్లో పెట్టుకున్నాడు. మూట మీది ముడి విప్పబోయాడు. గోళ్లు వంగాయి కానీ ముడి కదల్లేదు. మక్బూల్ బ్లేడు ఇవ్వబోతే, "కొయ్యకు," అన్నాడు.

బుగ్గమ్మ ముడి అది. దూడ పలుపుకైనా, వడ్ల సంచి మూతికైనా ఆమె వేసేది ఒకటే ముడి. గుంజిన కొద్దీ బిగుస్తుంది. వీరస్వామికి ఎన్నడూ విప్పడం రాలేదు. కొడవలి తెచ్చి కోస్తుంటే, "విప్పుడు రానోడే కత్తి తెస్తడు," అని చేతిలోంచి లాక్కుని రెండు వేళ్లతో విప్పేది. ఏడాది దుమ్ము తిని, టర్బో గుంజి, తీగ గుంజినా మూట దగ్గర ముడి అలాగే ఉంది. ఒక్క గింజ రాలలేదు.

అక్కడే అతనికి అనుమానం వచ్చింది.

ఈ ముడి ఊడలేదు. పట్టీకి కట్టిన ముడి ఎందుకు ఊడింది? జైపాల్ కూడా అక్క చేతిలో పెరిగినవాడే. ట్రాలీ మీద సామాను కడితే అదే ముడి వేస్తాడు. వాడు కట్టి ఉంటే ఊడదు. వదులు ముడి వేసే చెయ్యి వాడిది కాదు. పట్టీకి ముడి వేసింది తల రిబ్బన్ ముడి వేసే చెయ్యి.

ఫోన్ మోగింది.

కూతురు వనిత. ఇక్కడే ఇబ్రహీంపట్నంలో డిగ్రీ చదువుతోంది. వీరస్వామి ఫోన్ చెవి దగ్గర పెడితే వినపడదు. స్పీకరు నొక్కితేనే మాట వస్తుంది. నొక్కాడు.

"బాపూ, కారు విప్పుడు అయిపోయిందా?"

"ఆ."

"ఏమన్న తెలిసిందా?"

వీరస్వామి ఒళ్లోని గుడ్డ వైపు చూశాడు.

"సరే గానీ, మక్బూల్ చాచాకు ఒక మాట చెప్పు. బానెట్ లోపట ముంగటికి అమ్మ ముడుపు ఉంటది. ఎర్ర గుడ్డ. ఏదో చెత్త అని పారేస్తడేమో, పారెయ్యద్దని చెప్పు. ఆ పొద్దు మామతోని కారు కడుగంగ నేనే దాన్ని లోపటికి మార్చి కట్టిన. కంపెనీల తీసెయ్యమంటుండ్రని మామ అంటుండె. లోపటుంటె ఎవలకు కనవడదు, అమ్మ ముడుపు బండిని ఇడిసిపెట్టదు అని. మంచిగ కట్టిన బాపూ. గురువారం దాన్ని అమ్మ ఫోటోకు కడ్త. నాకు అమ్మది ఇంకేం లేదు."

స్పీకరు గొంతు షెడ్డంతా వినపడింది. గేటు దాకా వినపడింది.

జైపాల్ అక్కడే ఆగిపోయాడు. వెనక్కి తిరిగాడు. కవరును ఎదకు అదుముకుని రెండో చేతిని గాలిలో ఆడించాడు. వద్దు. తల అడ్డంగా ఊపాడు. వద్దు బావా. చెప్పకు. మక్బూల్ కారు అవతలికి తిరిగి, విప్పిన నట్లను ఏరడం మొదలుపెట్టాడు. ఏరాల్సినవి లేవు.

వీరస్వామి ఒళ్లో ఎర్ర గుడ్డ ఉంది. తప్పు ఎవరిదో వాళ్లు గడప తొక్కకూడదు. మాట తనదే. పదిమందిలో ఇచ్చిన మాట. పంతొమ్మిదేళ్ల పిల్ల పొద్దున ఆ గడప దాటి కాలేజీకి వచ్చింది. సాయంత్రం ఆ గడప దాటి లోపలికి రావాలి.

"బాపూ? దొరికిందా?"

వీరస్వామి జీవితంలో అబద్ధమాడినవాళ్లను ఎవరినీ వదల్లేదు. గుడ్డను పిడికిట్లో ముద్ద చేశాడు.

"దొరకలే బిడ్డా," అన్నాడు.

"గట్లెట్ల దొరకది? మంచిగ ఎతుకలే మీరు. ఆగు, నేనే వస్తున్న. క్లాసు లేదు. ఇగో, సందు మలుపు తిరిగిన."

ఫోన్ ఆగింది. గుడ్డ దాచడానికి చొక్కా జేబు చాలలేదు. మూట బయటికే ఉబ్బి నిలిచింది. అతను దాన్ని పంచె మడతలోకి తోస్తుండగా గేటు బయట చెప్పుల చప్పుడు, వెంటనే కూతురి గొంతు వినపడ్డాయి. ఆ గొంతు అచ్చం తల్లిదే.

"మామా! గురువారం గద అమ్మ యాడాది. చీర పట్టుకొని మల్ల ఎనుకకు పోతున్నవేంది?"